మ్యూజియంలో ప్రసంగాలు పెట్టే పెద్దలకు: ఆ మైకు కాస్త అటు ఇవ్వండి

నమస్కారం.

మాసబ్ ట్యాంక్ గిరిజన మ్యూజియం మొదలుకొని పబ్లిక్ గార్డెన్స్, సాలార్‌జంగ్, అరకు, శ్రీశైలం, మేడారం, జోడేఘాట్ దాకా మన రెండు రాష్ట్రాల్లో మ్యూజియంలు నడిపేవాళ్లకు, వాటిలో ప్రసంగాలు ఏర్పాటు చేసేవాళ్లకు, ఆ ఖర్చు కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్లకు, అందరికీ కలిపి ఈ ఒక్క ఉత్తరం రాస్తున్నాను. ఏ ఒక్కరికో రాస్తే మిగతావాళ్లు ‘మన గురించి కాదులే’ అని పక్కన పెట్టేస్తారు.

మ్యూజియం అంటే మనవాళ్లలో చాలామందికి పబ్లిక్ గార్డెన్స్‌లో మమ్మీ, సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం, అంతే. గడియారం పన్నెండు కొట్టేదాకా నిలబడి, కొట్టగానే బయటికొచ్చి మిర్చిబజ్జీలు తినేసి ఇంటికెళ్లిపోతారు. అలాంటి జనాన్ని ఒక సాయంత్రం కూర్చోబెట్టి కోయల పడిగెల (వేల్పు కథల బొమ్మలున్న గుడ్డ జెండాల) గురించి, చేర్యాల పటాల (కథలు చెప్పే పొడవాటి బొమ్మల గుడ్డల) గురించి, గోండుల పండగల గురించి చెప్పిస్తున్నారంటే అది చిన్న పని కాదు. వీలున్నప్పుడల్లా వస్తుంటాను, వెనక వరుసలో కూర్చుంటాను, చాలా నేర్చుకున్నాను కూడా. కాబట్టి దీన్ని మీమీద కోపంతో రాసిన ఉత్తరం అనుకోకండి, కొంచెం కోపం ఉంది గానీ.

నా ఫిర్యాదు ఒక్కటే. మీ వేదిక మీద మాట్లాడేది దాదాపు ఎప్పుడూ ఆ సంస్కృతి గురించి చదువుకున్నవాళ్లే. ఆ సంస్కృతిలో పుట్టినవాళ్లు వేదిక ఎక్కేది రెండుసార్లు, మొదట్లో డాన్సుకి, చివర్లో శాలువాకి. మధ్యలో గంటన్నర పాటు వాళ్ల గురించి వాళ్ల ముందే ఇంకెవరో చెబుతుంటే వాళ్లు చేతులు కట్టుకుని వింటుంటారు. పెళ్లికొడుకుని విడిదింట్లోనే కూర్చోబెట్టి పెళ్లి జరిపించినట్టుంది వ్యవహారం.

ఒక మ్యూజియంలో, పేరు వద్దులెండి, పడిగెల మీద ప్రసంగం పెట్టారు. కార్డు బాగా వేశారు, హాలు నిండింది. ప్రొఫెసర్ గారు తెర మీద ఒక పడిగె బొమ్మ చూపించారు, త్రికోణంగా కత్తిరించిన గుడ్డ, లోపల మనుషులు, జంతువులు. ‘ఇది వేట దృశ్యం, ఆదిమ సమాజపు ప్రకృతి ఆరాధనకు ప్రతీక’ అని చెప్పి తర్వాతి స్లైడుకి వెళ్లిపోయారు. మొదటి వరుసలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, భద్రాచలం వైపు నుంచి పిలిపించిన డోలి ఆయన, అంటే కోయల వేల్పు కథలు తరతరాలుగా నోటికి చెప్పే కుటుంబం. ప్రసంగం అయ్యాక ఆయన్ని పిలిచి ‘ఒక అయిదు నిమిషాలు పాట’ అన్నారు. డోలు సవరించుకుని ఇంకా గొంతు విప్పుతున్నాడో లేదో యాంకరమ్మాయి మైకు దగ్గరికొచ్చేసింది, టైం అయిపోయిందని. శాలువా, మొమెంటో, ఫొటో, అందరూ టీకి.

టీ డ్రమ్ము దగ్గర ఆయన పక్కనే నిలబడ్డాను. ‘బాగా పాడారు పెద్దాయనా’ అంటే ఆయన దానికి జవాబు చెప్పకుండా, ‘అది వేట గాదు సారూ. ఒక గట్టోళ్ల, అంటే మాలో ఒక వంశపోళ్ల వేల్పు కథ అది. అండ్ల మనిషికి పేరున్నది, జంతువుకు గూడ పేరున్నది’ అన్నాడు. మరి చెప్పొచ్చు కదా అంటే నవ్వి, ‘అడిగితే గద చెప్పేది’ అన్నాడు. మొత్తం చెప్పాలంటే ఎంతసేపు పడుతుందంటే రాత్రంతా పడుతుందట. ఆయన బస్సుకి టైమైపోతోంది. ఈలోపు ఆఫీసు నుంచి ఒకతను వచ్చి ‘బస్సు టికెట్ ఒరిజినల్ ఉందా, అది లేకపోతే టీఏ రాదు’ అని గుర్తుచేసి పోయాడు. ప్రొఫెసర్ గారిని దింపడానికి మాత్రం కారు రెడీగా ఉంది.

హాలులో అంతమంది విన్నది వేట దృశ్యం. ఆ బొమ్మలకు పేర్లున్నాయన్న మాట విన్నది టీ దగ్గరున్న ముగ్గురం. ఆ ప్రసంగం వీడియో పెట్టారు, అందులో కూడా వేట దృశ్యమే. రేపు ఎవరో పిల్ల పరిశోధన చేస్తూ దాన్నే చూసి థీసిస్‌లో రాసుకుంటుంది, ఆ తర్వాత ఆమే మీ దగ్గరికి వచ్చి ప్రసంగం చేస్తుంది.

ఇది ఒక్క ప్రొఫెసర్ తప్పు అనుకుంటే మీరు తేలిగ్గా తప్పించుకున్నట్టే. ఆయన పాపం తనకు తెలిసింది చెప్పాడు. తెలిసినవాణ్ణి నాలుగడుగుల దూరంలో కూర్చోబెట్టి నోరు విప్పే ఛాన్స్ ఇవ్వని కార్యక్రమం తయారుచేసింది మీరు.

సకిని రామచంద్రయ్య గారి సంగతే చూడండి. మణుగూరు మండలం కూనవరం ఆయనది. సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజు, గరికామరాజు కథల్ని కోయలోనూ తెలుగులోనూ డోలు కొడుతూ చెప్పిన మనిషి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో మార్లవాయి కనకరాజు గారు, గోండుల గుస్సాడీ నృత్యానికి పేరుపడ్డ మనిషి, ఆయన కూడా పోయారు, ఆయనకు 2021లో పద్మశ్రీ. ఒకే ఏడాదిలో ఇద్దరు. పద్మశ్రీ వచ్చినప్పుడు ఫ్లెక్సీలు కట్టాం, పోయినప్పుడు సంతాపాలు ప్రకటించాం. సూటిగా అడుగుతున్నాను, ఆ మధ్యలో ఉన్న రెండు మూడేళ్లలో మీ మ్యూజియంలో రామచంద్రయ్య గారిని కుర్చీలో కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా, ఒక కథ మొదటినుంచి చివరిదాకా చెప్పించుకున్నారా? చెప్పించుకుని ఉంటే దయచేసి బయట పెట్టండి, నేనే నలుగురికీ పంపిస్తాను, ఈ పేరా కూడా వెనక్కి తీసుకుంటాను.

గుస్సాడీ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. మంత్రిగారో కమిషనర్ గారో కారు దిగగానే నెమలి ఈకల టోపీలు పెట్టుకున్నవాళ్లు గజ్జెలతో ముందు నడుస్తారు, డప్పులు మోగుతాయి, ఫొటోలు అదిరిపోతాయి. కానీ అది స్వాగత నృత్యం కాదు, దీక్ష. దీపావళి రోజుల్లో దండారీ, అంటే గోండులు బృందాలుగా ఊరూరూ తిరిగి ఆడే పండగ, మొదలయ్యాక గుస్సాడీ వేసినవాళ్లు ఒంటికి బూడిద పూసుకుని, కొలబొడి అనే ముగింపు పూజ అయ్యేదాకా స్నానం చేయకుండా, ఊరూరూ విడిదికి వెళుతూ ఆడతారు. ఒక ఊరి దండారీ ఇంకో ఊరికి అతిథిగా వెళ్లడం, వాళ్లు కాళ్లు కడిగి అన్నం పెట్టడం, ఆ రాకపోకల్లోనే సంబంధాలు కలుపుకోవడం, ఇదంతా ఉంది దాని వెనక. మీరు ఎండాకాలంలో టైల్స్ వేసిన మెట్ల మీద ఆడించేది అందులో ఒక ముక్క. మరి కనకరాజు గారు ఢిల్లీలో గణతంత్ర దినోత్సవాల్లో ఆడలేదా అంటారు, ఆడారు, చాలా గర్వంగా చెప్పుకునేవారు కూడా. అంటే ఏది వేదిక మీద ఆడొచ్చు, ఏది ఊళ్లోనే ఉండాలి అన్న గీత ఆయనకు తెలుసు, ఆయన గీసుకున్నారు. ఆ గీత ఎక్కడుందో ఇప్పుడు మార్లవాయిలో ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లకు తెలుస్తుంది. అదే ప్రసంగ విషయంగా పెట్టండి చూద్దాం. ‘దండారీలో మేము ఏది బయటవాళ్లకు చూపిస్తాం, ఏది చూపించం’ అని వాళ్లలో ఒకరు గంటసేపు మాట్లాడితే నేనైతే పనులన్నీ మానుకుని వస్తాను.

‘అది కాదండీ, వాళ్లకు సబ్జెక్ట్ ప్రెజెంట్ చేయడం రాదు, స్టేజి ఎక్కితే రెండు ముక్కలు చెప్పి ఆగిపోతారు’ అని ఒక అధికారి నాతో అన్నారు. మంచి మనిషే, చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ ఒకసారి ఆలోచించండి. గోండుల వంశకథలు తరతరాలుగా కాపాడినవాళ్లు పర్ధాన్‌లు, తోటీలు. కీక్రి అనే తీగల వాయిద్యం పట్టుకుని కూర్చుంటే ఏ ఇంటిపేరు ఏ సగలోకి, అంటే ఏ వంశ సమూహంలోకి వస్తుంది, ఎవరి పెన్, అంటే ఎవరి వేల్పు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చింది అన్నీ రాత్రుళ్లు రాత్రుళ్లు చెబుతారు, కాగితం ముక్క చూడకుండా. వాళ్లకు మాట్లాడడం రాదా? వాళ్లకు రానిది పోడియం వెనక నిలబడి నలభై నిమిషాల్లో స్లైడ్లు తిప్పడం. మనిషి కుదరకపోతే మనిషిని మార్చడం కాదు, పద్ధతి మార్చాలి. కింద జంపఖానా వేయండి, వస్తువు మధ్యలో పెట్టండి, తెలిసినవాళ్లు ఒకరు పక్కన కూర్చుని ప్రశ్నలు అడగండి. ప్రొఫెసర్ గారిని పిలవొద్దనడం లేదు, ఆ ప్రశ్నలు అడిగే కుర్చీ ఆయనకే ఇవ్వండి, అంతకన్నా పెద్ద కుర్చీ లేదు.

ఇంకో సంగతి, ఆ పర్ధాన్ కులంలోనే మధ్యప్రదేశ్‌లో పటాన్‌గఢ్ అనే ఊళ్లో పుట్టినవాడు జనగఢ్ సింగ్ శ్యామ్. భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం పెట్టిన రోజుల్లో, 1980ల మొదట్లో, చిత్రకారుడు స్వామినాథన్ మనుషులు ఊళ్లు తిరుగుతూ గోడ మీద అతని బొమ్మ చూసి పిలుచుకొచ్చారు. వస్తువుని పట్టుకొచ్చి గాజుపెట్టెలో పెట్టి మనిషిని అక్కడే వదిలేయలేదు, మనిషినే తెచ్చుకుని రంగులిచ్చి, పేరుతో సహా గోడకెక్కించారు. ఇవాళ గోండు చిత్రకళ అని ప్రపంచమంతా అనుకుంటున్నది అక్కడినుంచి వచ్చిందే. 2013లో అదే భోపాల్‌లో తెరిచిన ఆదివాసీ మ్యూజియంలో గ్యాలరీలు కట్టడానికి ఆదివాసీ కళాకారులే వచ్చి పనిచేశారు. మనకు అటువంటి వాళ్లు లేరా? ఆదిలాబాద్ నిండా ఉన్నారు.

పద్ధతి మారిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. జైనూరు మండలం ఉషేగాం ఓజా కళాకారుల ఇత్తడి బొమ్మలు మీ దగ్గర ఉన్నాయి, ఆదిలాబాద్ డోక్రా అని 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. లేబుల్ మీద ‘మైనపు అచ్చు పద్ధతి’ అని రాసి ఉంటుంది, చదివి ముందుకెళ్లిపోతాం. అదే ఆ పని చేసే అమ్మో అయ్యో ఎదురుగా కూర్చుని, మట్టి ముద్ద మీద మైనం తీగ చుడుతూ మాట్లాడారనుకోండి. తేనెమైనం గట్టిగా ఉంటే తీగ తెగుతుంది, మెత్తబడితే వేలికి అంటుకుంటుంది, ఆ సంగతి చేతికి తెలుస్తుంది తప్ప పుస్తకానికి తెలియదు. పైన మళ్లీ మట్టి పూసి కాల్చాక మైనం కారిపోయి, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి వెళుతుంది, చివరికి అచ్చు పగలగొడితే గానీ బొమ్మ బయటికి రాదు, అందుకే ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. ఇత్తడి ధర పెరిగితే ఏమవుతుంది, మైనం అడవినుంచి వస్తోందా బజారు నుంచా, పిల్లలు ఈ పనిలోకి వస్తారా, గోండుల ఇళ్లలో పెన్‌లకు చేసే సామాను వేరు హైదరాబాద్ షోరూంలకు చేసేది వేరు కదా, ఇలాంటివన్నీ జనం అడుగుతారు, అడిగినదానికి సొంతంగా చేసే మనిషి జవాబు చెబుతాడు. ప్రసంగం అంటే నాకు తెలిసినంతలో ఇది.

చేర్యాల పటాల విషయంలోనూ అంతే. నకాషీ వాళ్లు, అంటే ఆ బొమ్మలు వేసే చిత్రకారులు, ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి బొమ్మలు వేస్తారు, అది కథలో సగం. ఆ పటాన్ని గుంజలకు కట్టి, ఒక్కో వరుస విప్పుతూ కథ చెప్పేవాళ్లు వేరే ఉన్నారు, ముదిరాజులకు కాకి పడగలవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ఇలా ఒక్కో కులానికీ ఒక్కొక్కరు. మనం మూడడుగుల ముక్కను ఫ్రేము కట్టించి స్పాట్‌లైట్ పెట్టి ‘జానపద చిత్రకళ’ అంటాం. వేసినవాళ్లని, చెప్పేవాళ్లని ఒకే సాయంత్రం ఒకే వేదిక మీదికి పిలిచి పూర్తి పటం విప్పించండి. రెండు గంటలు సరిపోదు, అది మాత్రం ముందే చెబుతున్నాను.

పండితులంటే నాకు చిన్నచూపు లేదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ లేకపోతే గోండుల గురించి బయటి ప్రపంచానికి తెలిసినంత కూడా తెలిసేది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం తరఫున వచ్చి, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడాయన, అక్కడే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. అందుకే ఇప్పటికీ ఏటా జనవరి 11న వాళ్ల సమాధుల దగ్గర గోండులే వర్ధంతి చేస్తారు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయం దగ్గర ఉన్నాయి. నాకు ఎప్పటినుంచో ఒక కోరిక, ఆ మార్లవాయి ఫొటోలు పెద్దగా ప్రింటు తీయించి మార్లవాయిలోనే ఒక ప్రదర్శన పెట్టండి, ఊళ్లో పెద్దవాళ్లు ‘ఇది మా నాయనమ్మ’ అని వేలు పెట్టి చూపిస్తుంటే ఆ పేర్లు రాసుకోండి. మన మ్యూజియం గోడల మీద కూడా ‘గోండు మహిళ’, ‘చెంచు వృద్ధుడు’ అని రాసి వదిలేసిన పాత ఫొటోలకు పేర్లు రావాలంటే ఇంకో పదేళ్లు ఆగితే లాభం లేదు, గుర్తుపట్టేవాళ్లు ఉండరు.

భాష సమస్య అంటారేమో, అది సాకు. గోండీ, కోయ మాతృభాషగా ఉండి తెలుగులో పాఠాలు చెప్పే టీచర్లు ఏజెన్సీ బడుల్లో ఉన్నారు, వాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెడితే చాలు. పెద్దాయన గోండీలో చెబుతాడు, టీచరు తెలుగులో చెబుతాడు, కొంచెం ఆలస్యమవుతుంది, అవనివ్వండి. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండీ రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా వెళ్లింది, ఫోన్లకీ కంప్యూటర్లకీ దారి పడింది, మీ లేబుళ్ల మీదికి కూడా తెచ్చుకోండి. ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేసి వాడుక భాష గురించి ఉపన్యాసాలు ఇస్తాం కదా, ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని కొట్లాడిన సంగతి ఎంతమంది ఎత్తుతారు? అసలు ఆయన సవర నేర్చుకున్నది సవరల దగ్గర కూర్చునే. ఆ రోజున ఒక సవర టీచరుని పిలిచి మాట్లాడించినా బాగుంటుంది.

ఇంక తేదీలు. మీరు ప్రసంగాలు పెట్టేది మ్యూజియం దినోత్సవం అని మే 18న, ఆదివాసీ దినోత్సవం అని ఆగస్టు 9న, వారసత్వ వారం అని నవంబరు 19 నుంచి 25 దాకా. మేలో ఏజెన్సీలో తునికాకు, ఆ కొద్ది రోజుల డబ్బు మీద ఎన్ని ఇళ్లు ఆధారపడతాయో మీకు చెప్పక్కర్లేదు. ఆగస్టులో కలుపు, నవంబరులో పత్తి తీత. ఆ రోజుల్లో పిలిస్తే రాగలిగినవాళ్లే వస్తారు గానీ రావలసినవాళ్లు రారు. నాగోబా జాతర అయిపోయి ఇప్పపువ్వు రాలేలోపు కొంచెం తెరిపి ఉంటుంది, అప్పుడు పిలవండి. లేదా మీరే వెళ్లండి. పుష్య అమావాస్యకి మొదలయ్యే ఆ జాతరలో కేస్లాపూర్‌లో ఎలాగూ దర్బారు జరుగుతుంది, అధికారులు ఎలాగూ వస్తారు, ఒక మూల మీ టెంటు కూడా వేసి, ఈ వస్తువులు మా దగ్గర ఉన్నాయి, వీటి గురించి మేం ఇలా రాశాం, సరిగ్గా ఉందా చూడండి అని అడగండి. అసలు కొన్ని వస్తువుల్ని అందరికీ చూపించొచ్చా లేదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. పడిగె కొలుపులో బయటికి తీసేది, దాన్ని ఏడాది పొడుగునా ట్యూబ్‌లైటు కింద వేలాడదీయడం వాళ్లకు ఇష్టమేనా అని ఎవరైనా అడిగారా?

డబ్బు గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ప్రసంగం చేసిన మనిషికి ప్రసంగం చేసినందుకు ఇచ్చేదే ఇవ్వండి, కళాకారుల పద్దు కింద బృందానికి ఇంత అని కాకుండా. దాని ఫారంలో డిగ్రీ ఏమిటి అన్న గడి ఉంటే అది మీరు పెట్టిందే, మీరే తీసేయగలరు. బస్సు టికెట్ పారేసుకున్నాడని టీఏ ఆపకండి. రాత్రి పడుకోవడానికి గది ఇవ్వండి, తోడు ఇంకొకరు వస్తే వాళ్లకూ ఇవ్వండి. రికార్డు చేస్తే ముందు అడగండి, చేశాక ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ల ఊరి బడికి పంపండి, ఏ కథ ఆన్‌లైన్‌లో పెట్టొద్దంటే అది పెట్టకండి.

ఒక్క కార్యక్రమం ఇలా చేసి చూడండి, హాలు నిండకపోతే నన్ను తిట్టండి. కార్డు మీద వక్త అన్న చోట ఆయన పేరు వేయండి, ముఖ్య అతిథి పేరు ఎంత సైజులో ఉందో అంతే సైజులో. అచ్చుకి ఇచ్చే ముందు మాత్రం ఒకసారి ఫోన్ చేసి ఇంటిపేరు, ఊరి పేరు సరిగ్గా పడ్డాయో లేదో ఆయన్నే అడిగి చూసుకోండి, మొన్నటి కార్డులో మండలం తప్పు పడింది.

ఇట్లు,
మీ వెనక వరుస శ్రోత